సీజర్ పక్కన నిలబడ్డ కుర్రాడు

బిట్రగుంట అంటే ఇప్పటి పిల్లలకి ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఆగకుండా దాటిపోయే స్టేషన్. మా చిన్నతనంలో అది ఇంగ్లీషు దొరికే ఊరు. పెద్ద లోకో షెడ్డు, వరసగా రైల్వే క్వార్టర్లు, వాటిలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు. మా మామ ఆ షెడ్డులో ఫైర్‌మన్, ఇంజిన్‌లో బొగ్గు వేసే పని. మద్రాసు, విజయవాడ మధ్య కరెంటు ఇంజిన్లు వచ్చాక బొగ్గు ఇంజిన్లకి పని తగ్గింది, షెడ్డు పల్చబడింది. ఆంగ్లో ఇండియన్లు ఒక్కో కుటుంబమే మద్రాసుకో ఆస్ట్రేలియాకో సామాను సర్దుకున్నారు. పోయేముందు పట్టుకెళ్లలేనివన్నీ వరండాలో పెట్టి అమ్మేవాళ్లు. కుర్చీలు, గ్రామఫోన్ రికార్డులు, పింగాణీ ప్లేట్లు, వాటి కింద ఎక్కడో బొమ్మల పుస్తకాలు. జనం కుర్చీల కోసం బేరమాడుతుంటే మామ పుస్తకాలు ఏరుకునేవాడు. అట్లా ఒక ట్రంకు పెట్టె నిండింది.

మాది కందుకూరు. అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు. మా నాన్న మాత్రం 1970లో ప్రకాశం జిల్లా పుట్టకముందు కూడా మనం నెల్లూరోళ్లమే కదా, మధ్యలో కొన్నాళ్లు ఊరెళ్లొచ్చామంతే అనేవాడు. వేసవి సెలవులు ఇవ్వగానే సింగరాయకొండ దాకా బస్సు, అక్కణ్ణించి ప్యాసింజరు. మామ డ్యూటీ దిగి స్నానం చేసి, గోళ్లలో బొగ్గు నలుపు అట్లాగే ఉండగా పెట్టె తెరిచేవాడు.

మాకు ఇంగ్లీషు రాదు. మామకి వచ్చిన ఇంగ్లీషు రైల్వే ఇంగ్లీషు. అయినా ఆయన పక్కన కూర్చుని ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి కథ చెప్పేవాడు, అదీ అచ్చమైన నెల్లూరు యాసలో. ఆయన నోట్లో రోమ్‌ని ఏలే సీజర్ కూడా "ఏంది అబ్బయా, ఆ ఊరోళ్లు ఇంకా లొంగలేదా? గమ్మునుండారా ఏమన్నా చేస్తుండారా?" అని అడిగేవాడు. ఆ తర్వాత ఎన్నేళ్లకో ఆ పుస్తకాలు సొంతంగా ఇంగ్లీషులో చదువుకున్నాను. బాగానే ఉన్నాయి గానీ సీజర్ నోట నెల్లూరు యాస లేకపోవడం ఒక లోటే.

ఆ పెట్టెలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆస్టెరిక్స్ అనే ఫ్రెంచి కామిక్ వరసలోని 'ఒబెలిక్స్ అండ్ కో'. రోమన్లకి లొంగని ఆ చిన్న పల్లెని కత్తితో గెలవలేమని సీజర్‌కి అర్థమైపోతుంది. అప్పుడు కొత్త చదువు చదివిన కుర్రాడొకడు ముందుకొస్తాడు, పేరు ప్రిపోస్టరస్. డబ్బు రుచి చూపిస్తే వాళ్లే చెడిపోతారు ప్రభూ అంటాడు. ఆ పల్లెకి పోయి, అక్కడుండే ఒబెలిక్స్ సరదాకి చెక్కుకునే నిలువు రాళ్లు కొనడం మొదలుపెడతాడు. రోజురోజుకీ రేటు పెంచుతాడు. ఊరంతా పనులు మానేసి రాళ్లు చెక్కుతారు, కొందరు చెక్కేవాళ్లకి తిండి కోసం పందుల వేటకి పోతారు. అక్కడ రోమ్‌లో రాళ్లు గుట్టలు పడతాయి. వాటినెట్లా అమ్మాలో కుర్రాడు సీజర్‌కి బొమ్మలు చూపించి పాఠం చెబుతాడు. ఇంతలో మేమే చెక్కుతామంటూ రోమన్ వ్యాపారులు దిగుతారు. సీజర్ వద్దంటే వాళ్ల పనివాళ్లు రోడ్లకి అడ్డం పడతారు. ఖజానా ఖాళీ.

ఇందులో మామ వేలు ఆగిపోయే చోటు ఒకటుంది. "ఈ పిల్లోణ్ణి చూడు. మిగతా వాళ్లందరి ముక్కులూ ఉర్లగడ్డల మాదిరి ఉండాయి. వీడి మొహం మాత్రం మనిషి మొహం. ఈడు ఉత్త బొమ్మ కాదురా, ఎవురో నిజం మనిషి."

మాకు ఆ మాట పట్టలేదు. మాకు వాణ్ణి చూస్తే అప్పుడప్పుడూ జీపులో దిగి, ఫైలు చంకలో పెట్టుకుని, రైతులకి సేద్యం నేర్పించే ఆఫీసరు గుర్తొచ్చేవాడు. అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు.

1998 జనవరి 26న దూరదర్శన్‌లో పరేడ్ చూస్తున్నాను. ముఖ్య అతిథి ఫ్రాన్స్ అధ్యక్షుడు జాక్ షిరాక్. పొడుగు మనిషి, పెద్ద ముక్కు, వెనక్కి దువ్విన జుట్టు. ఎక్కడో చూసిన మొహం. ఆ వారంలోనే ఒక పత్రికలో చదివాను, ఆస్టెరిక్స్ కథలో సీజర్‌కి సలహాలిచ్చే కుర్రాడు ఈయనే అని. 1974 నుంచి 1976 దాకా షిరాక్ ఫ్రాన్స్ ప్రధానమంత్రి, పెద్ద ప్రభుత్వ కళాశాలలో చదివొచ్చిన యువ నాయకుడు. ఆ పుస్తకం వచ్చింది 1976లో. గోసినీ రాశాడు, యుడెర్జో గీశాడు. కుర్చీలో ఉన్న మనిషిని, ఆ చదువునీ ఆ ధీమానీ కలిపి పిల్లల పుస్తకంలో పెట్టేశారు. ఎక్కడా పేరు రాయలేదు. ఫ్రాన్స్‌లో పదేళ్ల పిల్లవాడు కథకి నవ్వుతాడు, పక్కనున్న వాళ్ల నాన్న ఆ బొమ్మలోని మొహం చూసి నవ్వుతాడు.

అప్పటికి మామ రిటైరై కావలిలో ఉన్నాడు. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి చెప్పాను. "నేను అప్పుడే చెప్పలా?" అన్నాడు. తర్వాత "ఏ ఊరోడు?" అని అడిగాడు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. అదే షిరాక్ 1976లో కూడా మన గణతంత్ర దినానికి ముఖ్య అతిథిగా వచ్చాడు, ప్రధానమంత్రి హోదాలో. అంటే తన దేశంలో తన మీద బొమ్మల పుస్తకం వస్తున్న ఏడాదే, ఎమర్జెన్సీలో ఉన్న ఢిల్లీలో కూర్చుని కవాతు చూశాడు. మన దగ్గర అప్పటికే శంకర్స్ వీక్లీ మూతపడింది. 1948లో కార్టూనిస్టు శంకర్ మొదలుపెట్టిన పత్రిక, నెహ్రూ అంతటివాడు 'నన్నూ వదలొద్దు శంకర్' అన్న పత్రిక. 1975 ఆగస్టులో ఆపేశారు. సెన్సారు కన్నుగప్పి బయటపడ్డ బొమ్మలు లేకపోలేదు. 1975 డిసెంబరులో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అబూ అబ్రహాం గీసింది అందరూ ఎరిగిందే: రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చుని ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి తలుపు సందులోంచి అందిస్తూ, ఇంకేమన్నా ఉంటే కాస్త ఆగమనండి అంటుంటాడు. ఆ ఒక్క బొమ్మ ఎమర్జెన్సీ గురించి చెప్పినంత, తర్వాత నేను చదివిన లావుపాటి పుస్తకాలు చెప్పలేదు.

టిన్‌టిన్ పుస్తకాలు పెట్టెలో కొన్నే ఉండేవి, అట్టలు ఊడినవి. వాటిలో ఒకటి రాజు గారి దండం కథ. ఒక చిన్న రాజ్యాన్ని పక్క దేశం మింగేయాలని చూస్తుంటుంది, లోపల్నుంచి సాయం చేసే ముఠా నాయకుడి పేరు ముస్‌ట్లర్. ఆయన మొహం కనిపించదు, కాగితం కింద పేరే. ముస్సోలినీలో సగం, హిట్లర్‌లో సగం. టిన్‌టిన్‌ని పుట్టించిన బెల్జియం కళాకారుడు హెర్జే ఆ కథ వారం వారం గీసింది 1938, 39లలో. హిట్లర్ ఆస్ట్రియాని కలుపుకున్నది 1938 మార్చిలో. అంటే రేపు పేపర్లో ఏమొస్తుందో తెలియని రోజుల్లో, పక్కింట్లో నిప్పంటుకుని ఉండగా గీసిన కథ. అమెరికా వాళ్లు ఇంకా మోటుగా పోయారు. కెప్టెన్ అమెరికా మొదటి సంచిక అట్ట మీదే హీరో హిట్లర్ దవడ పగలగొడతాడు. అట్ట మీద తేదీ 1941 మార్చి, అమెరికా యుద్ధంలోకి దిగింది ఆ డిసెంబరులో. గీసిన జో సైమన్, జాక్ కిర్బీలకి బెదిరింపులు వచ్చాయి. దేశం కంటే ముందు బొమ్మ యుద్ధం ప్రకటించిందన్నమాట.

టిన్‌టిన్ చివరి పూర్తి కథ కూడా 1976లోనే వచ్చింది. దక్షిణ అమెరికాలో ఒక ఊహాదేశం, ఇద్దరు జనరళ్లు, టపియోకా, అల్కజార్. మొదట్లో విమానం దిగినప్పుడు మురికివాడ, దాని ముందు లాఠీ పట్టుకుని తిరిగే పోలీసులు, 'జై టపియోకా' అని బోర్డు. విప్లవం వస్తుంది, టపియోకా పోతాడు, మన హీరో స్నేహితుడు అల్కజార్ గద్దెనెక్కుతాడు. ఆఖరి పేజీలో అదే మురికివాడ, అదే చెత్త, పోలీసులకి డ్రస్సు మారింది, బోర్డు మీద 'జై అల్కజార్'.

మామ ఈ పుస్తకం చెప్పిన రోజు అరుగు మీద కూర్చున్న మా తాతయ్య కూడా విన్నాడు. ఆయన కాంగ్రెస్ మనిషి, టంగుటూరి ప్రకాశం గారి మీటింగులు చూసినవాడు. చివరి బొమ్మ దగ్గరికి తెప్పించుకుని కళ్లజోడు సర్దుకుని చూసి, "పోలీసుల డ్రస్సన్నా మార్చారు, మన దగ్గర అదీ లేదు" అన్నాడు.

అప్పటికి రామారావు గారు వచ్చి కొంత కాలమైంది. 1982 మార్చి 29న పార్టీ, 1983 జనవరి 9న ప్రమాణస్వీకారం. మధ్యలో చైతన్యరథం మా ఊరి మీదుగా పోతుందంటే చెట్లెక్కి కూర్చున్న జనం నాకు గుర్తు. కార్టూన్లు గీసేవాళ్లకి అది పండగ కాలం. అంతకుముందు ముఖ్యమంత్రులని గీయాలంటే ఏదో ఒక వస్తువు కావాలి. చెన్నారెడ్డి గారికి చేతికర్ర, అంజయ్య గారికి పక్కన నిలబడ్డ మంత్రుల గుంపు. రామారావు గారికి అవేమీ అక్కర్లేదు. ఆయనే వేషం మార్చేవారు. మామూలు పంచె నుంచి కాషాయానికి, తలపాగాకి వచ్చేసరికి గీసేవాళ్లకి చేతినిండా పని. మనిషే సగం కార్టూన్ గీసి ఇస్తే మిగతా సగం పూర్తి చేయడం కదా!

మా ఊళ్లో పోస్టాఫీసు దగ్గర టీ బంకులో పేపర్లు రెండు మూడు వేసేవాళ్లు. చదువురాని వాళ్లు కూడా పేపరు అడిగి తీసుకునేది కార్టూన్ కోసమే. ఈనాడులో శ్రీధర్ గీసే 'ఇదీ సంగతి' ముందు చూసి ఆ తర్వాత హెడ్డింగులకి పోవడం అలవాటు. దాదాపు నలభై ఏళ్లు గీశాడాయన, 2021లో మానుకున్నాడు. 1984 చివర్లో దాసరి నారాయణరావు గారి ఉదయం వచ్చింది. అందులో మోహన్ బొమ్మలు వేరే తీరు. ఆయన గీతలో నాయకుడి బొద్దుతనం, బద్ధకం, భయం అన్నీ ఒకే ఊపులో వచ్చేసేవి. మోహన్ 2017లో పోయాడు. ఇప్పుడు గీస్తున్న చాలామందిలో ఆ గీత జాడ కనిపిస్తుంది.

1984 ఆగస్టు గుర్తుందా? 16న రామారావు గారిని దించేశారు, సెప్టెంబరు 16న మళ్లీ ఆయనే. ఆ నెల రోజులూ టీ బంకు ఓనరు మధ్యాహ్నం పూట కూడా బంకు కట్టేయలేదు. కార్టూన్ కత్తిరించి గాజు సీసా వెనకాల అంటించేవాడు. ఒక పార్టీ వాళ్లు వచ్చినప్పుడు సీసా ఇటు తిప్పేవాడు, రెండో పార్టీ వాళ్లు వస్తే అటు.

సరిగ్గా ఆ గొడవల్లోనే మా పుస్తకం పుట్టింది. నేనూ, బొమ్మలేసే నా స్నేహితుడూ కలిసి వైటు నోట్సులో ఒక కామిక్ మొదలుపెట్టాం. పేరు 'పంపుసెట్టు పాపయ్య'. ఆస్టెరిక్స్‌లో మాదిరి పేజీకి గళ్లు కొట్టడం, మాటలు బుడగల్లో పెట్టడం, చివరి గడిలో ఊరంతా భోజనానికి కూర్చోవడం. పాపయ్య ఎవరో చెప్పక్కర్లేదు, మా వార్డు పెద్దమనిషి. మా వీధి చివర ఒక బోరు ఉండేది. ఆయన దాన్ని బోరు వేసినప్పుడు ప్రారంభించాడు, చేతిపంపు బిగించినప్పుడు ప్రారంభించాడు, చుట్టూ సిమెంటు గట్టు కట్టినప్పుడు మళ్లీ కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు మాత్రం ఎండాకాలం వచ్చేవి కావు. మా కథలో పాపయ్య ఆ బోరుని ప్రారంభించీ ప్రారంభించీ, చివరికి ప్రారంభించడానికి ఇంకేమీ మిగలక, పూడ్చేసి పూడ్చివేత కార్యక్రమాన్ని కూడా ప్రారంభిస్తాడు.

ఆ ఆలోచన నాదని ఇప్పటికీ నా స్నేహితుడితో వాదిస్తాను. బొమ్మ మాత్రం వాడిదే. ఆ మీసాలు, కిందికి జారే పంచె, దండ వేయించుకోవడానికి ముందే వంగిపోయే మెడ! ఆ మెడ ఒంపు చూస్తే చాలు, మా బడిలో ఎవరికైనా ఆ మనిషి తెలిసిపోయేవాడు. పది పైసలకి ఒక రాత్రి అద్దెకిచ్చేవాళ్లం. నోట్సు అంచులు నలిగిపోయాయి.

అది చేతులు మారి మారి పెద్దమనిషి మేనల్లుడి దాకా పోయింది, వాడి చేతిలోంచి ఆయన చేతికి. కబురొచ్చింది. మా స్నేహితుడి నాన్న "వెళ్లి కాళ్ల మీద పడండి" అన్నాడు. మా నాన్న ఏమీ అనలేదు, చొక్కా మార్చుకుని పొమ్మన్నాడు.

ఆయన వసారాలో పడక్కుర్చీలో ఉన్నాడు, నోట్సు ఒళ్లో ఉంది. మమ్మల్ని కూర్చోమన్నాడు. మేం కూర్చోలేదు. పేజీలు తిప్పుతూ, "ఎవుర్రా బొమ్మలేసింది? నా పంచె ఇంత కిందికి జారద్దా?" అన్నాడు. మేం నేల చూపులు. ఇంకో రెండు పేజీలు తిప్పాడు. చివరికి తలెత్తి అడిగిన ప్రశ్న మేం ఊహించింది కాదు.

"ఇందులో వాడేడీ?"

వాడంటే ఎదుటి పార్టీ ఆయన. "బోరు బిల్లులో సగం తిన్నది వాడు. బొమ్మ మాత్రం నాదా? వాణ్ణెందుకు వదిలారు? మీ నాయన వాడికి ఓటేసినాడా?"

తిట్లకి సిద్ధపడి పోయిన మాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆయన లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించాడు. వాడి మీద కూడా ఒకటి రాయండి, కాగితాల ఖర్చు నేనిస్తా, రంగు పెన్సిళ్లు కూడా కొనుక్కోండి అని పదిరూపాయల నోటు చేతిలో పెట్టాడు.

మేం నిజంగానే కొనుక్కున్నాం. పన్నెండు రంగుల పెట్టె. రెండో పుస్తకం గీశాం, ఎదుటాయన మీద. రంగులు బాగా పడ్డాయి, గళ్లు స్కేలు పెట్టి కొట్టాం, అక్షరాలు ముత్యాలు. ఒక్కడూ నవ్వలేదు. అద్దెకి కూడా ఎవరూ అడగలేదు. మా క్లాసులో ఒకమ్మాయి రెండు పేజీలు చూసి, "ఇది ఆయన రాయించాడా?" అని అడిగేసింది. డబ్బు సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. ఎట్లా పసిగట్టిందో ఈ రోజుకీ నాకు తెలియదు.

పెద్దయ్యాక పేపర్లో కార్టూన్ చూసినప్పుడల్లా ఆ అమ్మాయి ప్రశ్న నాలో లేస్తుంది. మన తెలుగు నేల మీద కార్టూనిస్టులకి కొరత లేదు. సాక్షిలో గీసే పామర్తి శంకర్‌కి మండేలా బొమ్మకి 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రి వచ్చింది, మామూలు సంగతి కాదు. మన ఊళ్లో వ్యంగ్యానికీ కొరత లేదు. నెల్లూరు జమీన్ రైతు వారపత్రికలో నాయకులని ఏ భాషలో ఉతికేవాళ్లో పాతతరం వాళ్లని అడగండి. అయినా ఏ పత్రిక ఎవరిని గీస్తుందో, ఎవరిని గీయదో పేజీ తిప్పకముందే మనకి తెలుసు. ఒక పత్రికలో ఒకాయన పంచె జారుతుంది, ఇంకో పత్రికలో ఇంకొకాయనది. రెండు పంచెలూ జారే పత్రిక ఏదో చెప్పండి!

నా బాధ అంతకంటే కొంచెం పెద్దది. రోజువారీ కార్టూన్‌లో నాయకుడికి ఒక్క దెబ్బే. మర్నాటికి ఆ కాగితంలో బజ్జీలు కట్టిస్తారు, ఆయన దులుపుకుని లేస్తాడు. పుస్తకంలో అట్లా కుదరదు. నలభై పేజీలు ఆయన నడవాలి, తినాలి, నిద్రపోవాలి, అబద్ధమాడాలి, దొరికిపోవాలి. షిరాక్‌ని గీసినవాళ్లు ముక్కుతో ఆపలేదు. ఆయన నమ్మే ఆర్థికశాస్త్రాన్నే కథ చేసి చివరిదాకా నడిపించి బోర్లా పడేశారు. ఫ్రాంక్ మిల్లర్ 1986లో బ్యాట్‌మన్ కథ రాస్తూ అప్పుడు కుర్చీలో ఉన్న అమెరికా అధ్యక్షుడు రీగన్‌ని కౌబాయ్ నవ్వుతో పెట్టాడు, సూపర్‌మన్ అంతటివాణ్ణి ఆయనకి చెప్పిన పని చేసే మనిషిని చేశాడు. ఇంగ్లండులో పిల్లల పుస్తకాలు వేసే రేమండ్ బ్రిగ్స్ 1984లో, అర్జెంటీనాతో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధం మీద పిల్లల బొమ్మల పుస్తకంలాగే ఉండే పుస్తకం వేశాడు. ఇంగ్లండు ప్రధానమంత్రి థాచర్ ఇనుప ముసలమ్మ, అర్జెంటీనాని ఏలిన గల్తియేరి రేకు జనరల్. మధ్యలో చచ్చిపోయిన సైనికులని మాత్రం రంగుల్లేకుండా గీశాడు. నవ్వుతూ పేజీ తిప్పినవాడికి అక్కడ గొంతు పట్టేస్తుంది.

మనకి కామిక్ పుస్తకంలో నాయకుడు వచ్చాడంటే దండతోనే వచ్చాడు. అమర్ చిత్రకథలో నెహ్రూ వచ్చాడు, మిగతా పెద్దలూ వచ్చారు, అందరూ పురాణపురుషుల మాదిరే ఎక్కడా తడబడకుండా. నేను వాటినీ ఇష్టంగానే చదివాను, కాదనను. ఎమర్జెన్సీని బొమ్మల నవల చేసి నాయకులకి మారుపేర్లు పెట్టి వెక్కిరించిన 'ఢిల్లీ కామ్' 2010లో గానీ రాలేదు, అదీ ఇంగ్లీషులో, విశ్వజ్యోతి ఘోష్ గీసింది. తెలుగులో అంత పెద్ద కథ నా కంటపడలేదు.

భయమే కారణమంటే నేను పూర్తిగా ఒప్పుకోను, భయం లేదనీ అనను. 1987లో మద్రాసులో ఆనంద వికటన్ అట్ట మీద ఒక కార్టూన్ వేశారు. జేబుదొంగలా ఉన్నవాడు ఎమ్మెల్యే, ముసుగు దొంగలా ఉన్నవాడు మంత్రి అని దాని సారాంశం. తమిళనాడు శాసనసభ ఎడిటర్ బాలసుబ్రమణియన్‌కి మూడు నెలల జైలుశిక్ష వేసింది. గోల లేచి కొద్దిరోజుల్లోనే వదిలేశారు. మామకి అరవం చదవడం వచ్చు, రైల్వే వాళ్లకి వచ్చేస్తుంది. ఆ పత్రిక నెల్లూరు స్టేషన్ పుస్తకాల షాపులో దొరికితే కొనుక్కొచ్చి మాకు చూపించాడు. "ఇంతేనా?" అన్నాం. మా పాపయ్య అంతకంటే ఘాటుగా ఉన్నాడని మా గర్వం.

భయం కంటే నాకు ఎక్కువగా కనిపించేది అభిమానం. మన జనానికి నాయకుడు తమవాడు కావాలి. తమవాడైతే ముక్కు పొడుగ్గా గీస్తే కోపం, తమవాడు కాకపోతే ఎంత వికారంగా గీసినా చాలదు. కథ చెప్పేవాడికి ఈ రెండూ పనికిరావు. నలభై పేజీలు ఒక మనిషితో గడపాలంటే ఆయన మీద కోపంతో పాటు కాస్త ముచ్చట కూడా ఉండాలి. పాపయ్య మీద మాకు అది ఉండేది. ఎంతైనా మా వీధి మనిషి, పండక్కి పప్పుబెల్లాలు పంచేవాడు. రెండో ఆయన ఎవరో మాకు సరిగ్గా తెలియను కూడా తెలియదు.

నిలువు రాళ్ల కథ మాత్రం మా జిల్లాలోనే కళ్లారా చూశాను. 1990ల మొదట్లో నెల్లూరు, ప్రకాశం తీరమంతా రొయ్యల గుంటలు తవ్వారు. వరి పొలాలు గుంటలయ్యాయి, సైకిల్ మీద తిరిగేవాళ్లు కారు దిగారు, ఇది చేస్తే కోట్లని చెప్పే సూటుబూటు సలహాదార్లు ఊళ్లమ్మట తిరిగారు. 1994, 95లలో వైరస్ తగిలింది, గుంటలకి గుంటలు తేలిపోయాయి. కావలి దగ్గర చెరువుగట్టు మీద నిలబడి మామ అన్న మాట: "ఆ సీజర్ పక్కన పిల్లోడు ఇక్కడికి కూడా వచ్చిపోయినట్టుండాడు రా." తెలుగులో గీయగలిగినవాళ్లకి అంతకంటే మంచి కథ ఏం కావాలి? మంత్రులూ, ఎగుమతిదార్లూ, బ్యాంకులూ, రైతులూ అందరూ అందులో ఉన్నారు. ఎవరూ గీయలేదు.

మామ ఇప్పుడు లేడు. ట్రంకు పెట్టె నా దగ్గరికే వచ్చింది, సగం పుస్తకాలు చెదలు తినగా. పాపయ్య నోట్సు పెద్దమనిషి దగ్గరే ఉండిపోయింది. ఆయన పోయాక వాళ్ల ఇంట్లో ఎవరో పాత కాగితాలతో కలిపి వేసేశారని విన్నాను.

నా స్నేహితుడు బొమ్మలు వదల్లేదు. బోర్డులు రాసేవాడయ్యాడు. ఇరవై ఏళ్లు మా చుట్టుపక్కల గోడల మీద అన్ని పార్టీల గుర్తులూ, అందరు నాయకుల మొహాలూ వాడివే. ఎలక్షన్లప్పుడు ఉదయం ఒక పార్టీ గోడ, మధ్యాహ్నం ఎదురు పార్టీ గోడ. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు పొలం చూసుకుంటున్నాడు. మొన్న సంక్రాంతికి కలిసినప్పుడు అడిగాను, పాపయ్యని మళ్లీ గీద్దాం రా, ఈసారి సరిగ్గా పుస్తకం వేద్దాం, రొయ్యల గుంటలు కూడా పెడదాం అని.

కాగితం తీసుకున్నాడు. మెడ ఒంపు దగ్గర మొదలుపెట్టాడు, అది వచ్చింది. మొహం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే చెంపలు నున్నగా చేసి, కళ్లు పెద్దవి చేసి, పెదాల మీద చిరునవ్వు పెట్టేసింది. మూడుసార్లు చెరిపాడు. "ఇరవై ఏళ్లు డబ్బులు తీసుకుని అందంగా గీశాను కదరా, ఇంక వంకర రాదు" అన్నాడు.

బజారులోకి నడిచాం. సెంటర్లో పండగ శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టారు. పైన పెద్ద నాయకుడు, ఆయన వెనకాల పరిగెత్తే సింహం, కింద స్టాంపు సైజులో ఇరవై మొహాలు, అందరికీ ఒకటే గులాబీ రంగు, ఒకటే నల్ల కళ్లద్దాలు. వాడు కాసేపు తల పైకెత్తి చూశాడు. "మనం పాపయ్యని మరీ ఎక్కువ చేశామని మా నాయన తిట్టాడు గానీ, ఇది చూడు, మనమే తగ్గించి గీశాం" అన్నాడు. ఆ స్టాంపు మొహాల్లో ఎడమ నుంచి మూడోవాడు మా పెద్దమనిషి మనవడు. మెడ అదే.